అంగీ గుండీలు పెట్టుకునేంత సేపు

మొన్న సిరొంచ బస్సు నాగేపల్లిలో ఆగినప్పుడు ఇద్దరు అమ్మాయిలు ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. నాగపూర్‌లో చదువుకుంటూ సెలవులకు ఇళ్ళకు వస్తున్నట్టున్నారు. సగం మరాఠీలో, సగం తెలుగులో ఏదో కంప్యూటర్ ఆట గురించి మాట్లాడుకుంటున్నారు. "నేనైతే ఎప్పుడాడినా డ్రూయిడ్‌నే తీసుకుంట" అంది ఒకమ్మాయి. నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట ఈ దిక్కున ఒకే ఒక్క మనిషి నోట విన్నాను నేను. ఆ మనిషి ఇప్పుడు లేడు. ఊరు చేరేదాకా కిటికీలోంచి టేకు చెట్లు చూస్తూ అతని గురించే అనుకుంటూ వచ్చాను.

అతను మా కంప్యూటర్ సెంటర్లో నాలుగైదేళ్ళు పనిచేశాడు. మా ఆయన సిరొంచలో బడి పంతులు. ప్రాణహిత ఒడ్డున, ఇళ్ళల్లో తెలుగూ కచేరీలో మరాఠీ నడిచే ఊరు అది. తహసీల్ కచేరీకి పోయే దారిలో రెండు గదులు కిరాయికి తీసుకుని నేను ఆ సెంటర్ నడిపేదాన్ని. ముందు గదిలో జిరాక్సు, టైపింగు. వెనక గదిలో కంప్యూటర్లు, ఒక టెలిఫోను లైను. ఇంటర్నెట్ కావాలంటే మోడెం కాసేపు కీచుకీచుమని అరిచి, దయ పుడితే కలిసేది. జనానికి దానితో పెద్దగా పనిలేదు. కులం సర్టిఫికెట్లకూ పొలం కాగితాలకూ మరాఠీలో అర్జీలు టైపు చేయించుకోవడానికే వచ్చేవాళ్ళు. మరాఠీ టైపింగు తెలిసిన మనిషి కావాలని గోడకు కాగితం అంటిస్తే ఆ వారంలోనే ఇతను వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మెడ కొంచెం ముందుకు వంచుకుని. చెప్పులు గడప దగ్గర కాదు, మెట్ల కింద రోడ్డు మీదే విడిచాడు.

"ఊరేది?" అన్నాను.

"అల్లపల్లి అవతలక్కా."

"అవతలంటే?"

"అవతల్నే."

పనిలో పెట్టుకున్నాక మొదటిరోజే బల్లను ఇటునుంచి అటు తిప్పాడు. వెనక గదిలో గోడకు ఎదురుగా ఉన్న కుర్చీని నడుమ వాకిలిలోంచి రోడ్డు కనబడేట్టు మార్చుకున్నాడు. తీగలు అందకపోతే పొడుగువి తెప్పించమన్నాడు. ఎందుకయ్యా అంటే "గోడ దిక్కు మొఖం పెట్టి కూసునుడు నాతోని కాదక్కా" అన్నాడు. సరే, గాలి కోసం అనుకున్నాను. కానీ గాలంటే అతనికి పట్టేది కాదు. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానునూ కంప్యూటర్ వైపు తిప్పేవాడు. మధ్యమధ్యలో మానిటర్ నెత్తి మీద చెయ్యి పెట్టి, పిల్లల నుదురు తడిమినట్టు తడిమి "జర కాలుతున్నది" అనేవాడు. తనకు మాత్రం చెమటలు కారిపోతుండేవి.

అన్నింటికీ ఒకటే మాట ఉండేది: "ఇగ చాలు." టీ పోస్తుంటే సగం గ్లాసు దగ్గర "ఇగ చాలు." అర్జీదారులు కొట్లాటకు దిగితే "ఇగ చాలు కాకా." నేను అతని పెళ్ళి మాట ఎత్తితే "ఇగ చాలక్కా." కోపం ఉండేది కాదు ఆ మాటలో. వాకిలి మెల్లగా దగ్గరికి వేసినట్టు ఉండేది.

అతనూ వాళ్ళ అమ్మా నది వైపు ఒక గదిలో ఉండేవాళ్ళు. ఆమెను అవ్వ అనేవాడు. అవ్వకు తెలుగు అర్థమయ్యేది కానీ మాట్లాడేది గోండిలోనే. నాకు మొదట తెలిసింది అంతే.

ఆ ఆట మా దగ్గరికి ఎట్లా వచ్చిందంటే, నది మీద సర్వేకని వచ్చిన ఒక ఇంజనీరు సాయంత్రాలు మా సెంటర్లో కూర్చుని ఆడుకునేవాడు. అతనికి బదిలీ అయింది. ఆట మా కంప్యూటర్లోనే మిగిలిపోయింది. మధ్యాహ్నం కచేరీ వాళ్ళు భోజనాలకు లేస్తే మా సెంటర్లో ఈగలు తోలుకోవడమే. ఆ వేళ ఇతను దాన్ని తెరిచి చూస్తుండేవాడు. నేను వద్దనలేదు. ఫోను బిల్లు చూసి మా ఆయన గొణిగేవాడు గానీ, ఇతను ఎదురుపడితే ఏమీ అనలేకపోయేవాడు.

బొమ్మలు మొరటుగా ఉండేవి. ఒక పెద్ద దేశం, దాన్నిండా అడవులు, కోటలు, రేవులు. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో ఒక్కొక్క బొమ్మ మనిషిని చేసుకుని అందులో తిరుగుతారు. మిగతా ఆటల్లో నువ్వు సిపాయివి, నువ్వు మంత్రగాడివి అని మొదటే ముద్ర వేసి పంపుతారట. ఇందులో అది లేదు. ఏమీ రాని మనిషిగా పుడతావు. ఏ పని చేస్తే ఆ విద్య పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తి, వైద్యం చేస్తే వైద్యం. కాకపోతే అన్ని విద్యలూ కలిపి ఒక హద్దు ఉంది. హద్దు నిండాక ఒకటి పెరగాలంటే ఇంకోటి తరగాలి. ఏ విద్యలు ఎంతెంత ఉంచుకుంటావన్నదే ఆ మనిషి.

"ఇందుల డ్రూయిడ్ అని ఒకడు ఉంటడక్కా" అన్నాడొకరోజు.

"వాడెవడు?"

"అడవిల ఉండేటోడు. మందు ఇస్తడు. జింకలు, ఎలుగులు వాని మాట ఇంటయి. అవసరం పడితె వాడే జింక అయితడు. మా ఊర్ల పుజారి అసొంటోడు."

"మీ ఊరి పుజారి జింక అవుతాడా?"

"అయితడని అంటరు. మేం సూడలె." నవ్వాడు. అతను నవ్వితే ముందు పళ్ళ మధ్య సందు కనబడేది. అరుదుగా కనబడేది.

ఆటవాళ్ళు తయారుచేసి పెట్టిన డ్రూయిడ్ ఎక్కడా లేడు. ఏ విద్యలు కలిపితే డ్రూయిడ్ అవుతాడో ఎవరికి వాళ్ళే కనిపెట్టుకోవాలి. అదే అతన్ని పట్టుకుంది. చింతగింజలు తెచ్చి బల్ల మీద పోసేవాడు. మొత్తం గింజలు హద్దు. వాటిని కుప్పలు కుప్పలుగా పంచేవాడు: ఇది వైద్యం, ఇది జంతువుల భాష, ఇది రూపం మార్చడం, ఇది దాక్కోవడం, ఇది కర్రసాము. చిటికెన వేలితో ఈ కుప్పలోంచి ఆ కుప్పలోకి గింజలు నెడుతూ, కళ్ళు చిట్లించి చూస్తూ, మళ్ళీ వెనక్కి నెడుతూ ఉండేవాడు. "దేన్ల కెల్లి తీద్దామక్కా?" అని నన్ను అడిగేవాడు. నాకేం తెలుసు? "కర్రలోంచి తియ్యి" అనేదాన్ని. ప్రతిసారీ కర్రలోంచే తీసేవాడు, నేను చెప్పినా చెప్పకపోయినా.

అర్జీ కోసం ఎదురుచూస్తున్న ఒక ముసలి రైతు ఒకసారి వంగి చూసి, "ఏందిర బిడ్డా, పట్టపగలు పచ్చీసు ఆడుతున్నవా?" అన్నాడు.

"మనిషిని చేస్తున్న కాకా."

"ఏం మనిషి?"

"అడవిల బతికేటోన్ని."

"అడవిల ఎవడు బతుకుతుండు ఇప్పుడు?" అని ఆ ముసలాయన తన కాగితం తీసుకుని వెళ్ళిపోయాడు.

మనుషులకు పేర్లు పెట్టమంటే చెట్ల పేర్లు పెట్టాడు. మద్ది, బండారు, తునికి. మద్దికి వైద్యం ఎక్కువ. గాయాలుంటే తప్ప వైద్యం పెరగదు కాబట్టి, యుద్ధాలకు పోయేవాళ్ళ వెనక సంచి పట్టుకుని తిరిగేవాడు. ఎవరూ దొరకని రోజు మద్దిని తోడేలు ముందు నిలబెట్టి కరిపించుకుని, ఆ గాయానికి తనే కట్టు కట్టుకునేవాడు. బండారుకు జంతువుల భాష. అది రావాలంటే జింకల దగ్గరికి పోవాలి. జింకలు పారిపోతాయి. మళ్ళీ పోవాలి. వారాల తరబడి జింకల వెంట నడవడం చూసి నాకే విసుగొచ్చేది. "నీకు విసుగు లేదా?" అంటే "అడవిల తిరుగుతున్న కదక్కా" అన్నాడు. తునికి దాక్కోవడం తప్ప ఏమీ రానివాడు. చెట్టు కింద నిలబడితే పక్కనుంచి పోయేవాళ్ళకు కూడా కనబడడు. మధ్యాహ్నమంతా వాడు చెట్టు కింద నిలబడేవాడు, ఇతను తెర ముందు కూర్చునేవాడు. ఏమీ జరిగేది కాదు.

ఆ ముగ్గురినీ వదిలేశాడు. నాలుగో మనిషిని చేయడానికి చాలా నెలలు పట్టింది. ఆ ఎండాకాలమంతా బల్ల మీద గింజలు కదులుతూనే ఉన్నాయి. చివరికి ఒకరోజు కర్ర కుప్ప పూర్తిగా తీసేశాడు. ఆయుధం అన్నది సున్నా. ఆ గింజలన్నీ తీగల మంత్రంలో పోశాడు. ఆ మంత్రం వేస్తే నేలలోంచి తీగలు లేచి ఎదుటివాడి కాళ్ళు చుట్టేస్తాయి. దెబ్బ తగలదు, రక్తం రాదు. నాలుగు ఊపిరులు తీసేంత సేపు కదలలేడు, అంతే. ఆలోపు డ్రూయిడ్ జింకగా మారి ఉరికిపోవాలి. ఆ మంత్రాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదట, దానితో ఏమీ గెలవలేరు కాబట్టి. ఇతను దానికి జింక రూపాన్ని జతచేసి, ఏది ముందు, ఏది తర్వాత, ఎంత ఎడం ఉండాలి అన్నీ సరిచూసి ఒక మనిషిని చేశాడు. వాడిని ఎవరూ పట్టుకోలేకపోయారు.

ఆటగాళ్ళంతా చదివే చోట ఆ పద్ధతి రాసిపెడతానన్నాడు. ఇంగ్లీషు నేను సరిచేశాను. వారం తిరిగేసరికి ఎక్కడెక్కడినుంచో మెచ్చుకోళ్ళు. ఏదో చలిదేశం నుంచి ఒకాయన ఇతనికి 'గురువుగారూ' అని రాసేవాడు. నేను చదివి చెబితే మెడ ఇంకా వంచుకునేవాడు. అందరూ అలాంటి మనిషిని చేసుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో అతను నడుస్తూ ఏదో కూనిరాగం తీయడం కూడా విన్నాను. అవ్వ ఒక పూట మా ఇంటికి గుడ్డలో మూటకట్టి చారపప్పు పంపింది.

వానలు తగ్గిన కొత్తలో అనుకుంటాను, ఒక మధ్యాహ్నం నేను వెనక గదిలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను. అతను ఆటలోకి కొత్తగా వచ్చినవాళ్ళను వెంటబెట్టుకుని రేవు నుంచి కొండ ఊరికి అడవి బాటన పోతున్నాడు. వాళ్ళు బరువులు మోసుకుంటూ వెనక నడుస్తున్నారు. ఉన్నట్టుండి నేలలోంచి తీగలు లేచాయి. ఒక్కరు కాదు, అందరి కాళ్ళకూ. చెట్ల వెనకనుంచి బాణాలు వచ్చాయి. కదలలేనివాళ్ళ మీద తీరిగ్గా, ఒకదాని తర్వాత ఒకటి. అందరూ పడిపోయాక తీగలు వేసినవాడు జింకగా మారి ఉరికిపోయాడు. ఇతను చెప్పిన వరస ప్రకారమే, ఇతను చెప్పిన ఎడంలోనే.

తెర బూడిద రంగుకు తిరిగింది. చచ్చిపోతే అట్లా అవుతుంది.

అతను లేచి బయటికి పోయి కుండలో నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. తిరిగివచ్చి కుర్చీలో కూర్చోలేదు. గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. మీసాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"తీగలతోని పట్టేటోడు ఒక్కడే ఉంటడనుకున్నక్కా" అన్నాడు. "వాని ఎన్క ఇంకొకలు ఉంటరని సోంచాయించలె."

"ఆటే కదా" అన్నాను.

అప్పుడు చెప్పాడు.

వాళ్ళ నాన్న ఊరికి పోలీస్ పాటిల్. ఊళ్ళోని మంచిచెడ్డలు సర్కారుకు చెప్పాల్సిన కొలువు అది. ఆ ఏడాది పోలీసులు వచ్చి కొన్నాళ్ళు ఊరి బడిలో మకాం వేశారు. పాటిల్ కాబట్టి వాళ్ళకు నీళ్ళూ కట్టెలూ చూడాల్సి వచ్చింది. అడవిలో ఉన్నవాళ్ళు ఎటు పోయారో చెప్పమని పోలీసులు అడిగారు. తెలియదన్నందుకు ఊరివాళ్ళ ముందే చెంప మీద కొట్టారు. వాళ్ళు పోయాక ఒక సాయంత్రం అడవి లోపలినుంచి దళంవాళ్ళు వచ్చారు.

"మేం అన్నం తింటున్నం. 'పాటిల్, జర మాట్లాడేదున్నది, రా' అన్నరు. మంచిగనే అన్నరు. బాపు చెయ్యి కడుక్కుండు. అంగి తొడుక్కుండు. గుండీలు పెట్టుకుంటుండు. నేను తలుపు కాడ నిలవడ్డ. అందరికి ఎరికే అక్కా, అవ్వకు ఎరికే, నాకు ఎరికే, బాపుకు గూడ ఎరికే. ఎనుక తలుపు తీసే ఉన్నది. దొడ్డి దాటితే అడవే. గుండీలు పెట్టుకునేంత సేపు వాళ్ళ కాళ్ళు నేలకు పట్టుకుంటే చాలు, బాపు ఉరుకుతుండె."

అరచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"అన్ని గుండీలు పెట్టుకుండు. మెడ కాడిది గూడ."

పొద్దున బాట మీద దొరికాడట. ఖబరీ అని రాసిన కాగితం పక్కన ఉందట. ఖబరీ అంటే ఈ దిక్కున చెప్పనక్కర్లేదు, మాటలు మోసినవాడని. చెంపదెబ్బ తిన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. పాటిల్ కుటుంబం ఊళ్ళో ఉంటే ఊరికే ముప్పని తల్లీకొడుకులను సిరొంచకు పంపేశారు.

ఆ తర్వాత చాలా రోజులు ఆటలో అతను చేసింది ఒకటే పని. ఆ అడవి బాట మొదట్లో తన డ్రూయిడ్‌ను నిలబెట్టి, వచ్చేపోయేవాళ్ళకు "ఈ తోవల పోకండి, ముందట పట్టుకుంటున్నరు" అని చెప్పడం. ఆ ఇంగ్లీషు మాటలు నేనే రాసిచ్చాను. తీగలను కోసే విద్య ఒకటి ఉంటే దాన్ని కలిపి ఇంకో మనిషిని చేశాడు. అది కూడా అందరూ చదివే చోట పెట్టాడు. ఒక్కరూ చదవలేదు. గెలిపించేది కాదుగా. దోపిడీలు చేసేవాళ్ళు ఇతన్ని రోజూ చంపేవాళ్ళు. దొంగలను వేటాడే దండు ఒకటి ఉండేది. వాళ్ళు ఇతను దొంగల తరఫున కాపలా ఉన్నాడనుకుని చంపేవాళ్ళు. ఒకరోజు వాళ్ళలో ఎవడో ఏదో రాస్తే "ఏమంటుండక్కా?" అని అడిగాడు. చదివాను. నా మొహం చూసి తనే అందుకున్నాడు.

"ఖబరీ అంటుండా?"

తలూపాను. అతను నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను ముందు గదిలోకి వెళ్ళిపోయాను.

మరుసటి ఏడు ఇప్పపూల కాలంలో అవ్వ పట్టుబట్టింది. ఊళ్ళో వాళ్ళ దొడ్డి వెనక రెండు ఇప్పచెట్లు ఉన్నాయి. ఒక్క పూట పూలు ఏరుకుని వస్తానంది. అతను ఎంత చెప్పినా వినలేదు. తోడుగా ఆడమనిషి ఉంటే ఎవరూ ఏమీ అనరని నన్ను రమ్మని అడిగించింది. వెళ్ళాను. అల్లపల్లిదాకా బస్సులో, అక్కడి నుంచి జీపులో. అవ్వ ఉతికిన చీర కట్టుకుంది. ఒళ్ళో గంప, గంపలో కొత్త చీపురు. పూలు రాలేముందు చెట్టు కింద ఊడ్చుకోవాలి కదా. దారి పొడుగునా గోండిలో ఏదో చెబుతూనే ఉంది. అతను నాకు తిప్పి చెప్పేవాడు: ఎడమ చెట్టు పూలు తియ్యగుంటయట, కుడి చెట్టుకు కోతులు ఎక్కువట.

తారు రోడ్డు అయిపోయిన చోట నాలుగు ఇళ్ళు, ఒక టీ కొట్టు. అక్కడ అతని పెదనాన్న కొడుకు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కబురు ముందే అందింది. అవ్వ జీపు దిగకముందే ఆయన ఎదురొచ్చి చేతులు జోడించాడు.

"ఒద్దు చిన్నవ్వా. నీ కాళ్ళు మొక్కుత. ఎన్కకు పోండి."

"ఒక్క పూటనే అన్నా" అన్నాడు ఇతను. "పొద్దుగూకక ముందే మల్లి వస్తం."

"ఒక్క పూటనే తమ్మీ. నేను కాదంటలేను. మీరొచ్చింది అటోళ్ళకు ఎరికైతది, ఇటోళ్ళకు ఎరికైతది. ఎందుకు రానిచ్చిండ్రని వాళ్ళడుగుతరు. ఏం చెప్పి పోయిండ్రని వీళ్ళడుగుతరు. మేం ఎవ్వలికని జవాబు చెప్పాలె?"

ఆయన ఏడుస్తున్నాడు. సైకిలు క్యారియర్ మీదినుంచి ఒక మూట తీసి అవ్వ గంపలో పెట్టబోయాడు. "మీ చెట్లవే. పొద్దుగాల మా ఇంటామె ఏరింది." అవ్వ గంప వెనక్కి లాక్కుంది. టీ కొట్టు పక్కన ఎవరిదో ఒక ఇప్పచెట్టు ఉంది. చీపురు తీసుకుని పోయి దాని కింద ఊడవడం మొదలుపెట్టింది. చెట్టు మొదలు చుట్టూ, తర్వాత కొమ్మలు పరుచుకున్నంత మేరా, ఆకులూ పుల్లలూ ఒక వారకు తోసి, నేల నున్నగా అయ్యేదాకా. ఆ ఇంటామె బయటికి వచ్చి చూసి, గడపలోనే నిలబడిపోయింది. అవ్వ ఒక్క పువ్వు కూడా ఏరలేదు. ఊడవడం అయ్యాక వచ్చి జీపులో కూర్చుంది.

ఆ తర్వాత ఆమె సరిగా తినలేదు. మృగశిర వానలు పడుతుండగా పోయింది. ఊళ్ళో, భర్త పక్కన పెట్టమని అడిగిందట. సిరొంచలోనే పెట్టాల్సి వచ్చింది. ప్రాణహిత నీళ్ళు ఎర్రగా తిరుగుతున్నాయి. మొత్తం కలిపి పది మందిమి కూడా లేము. వాళ్ళ మంత్రాలూ పాటలూ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. మట్టి పోసి, వానలో కాసేపు నిలబడి వచ్చాము.

కర్మలయ్యాక పనిలోకి వచ్చాడు. వచ్చిన రోజు మధ్యాహ్నం ఆట తెరిచి, చేసిన మనుషులను ఒక్కొక్కరినీ తీసేశాడు. తీసేముందు ఆట అడుగుతుంది, నిజంగానే తీసేయాలా అని. అవునని నొక్కాలి. మద్ది, బండారు, తునికి. తీగలు కోసేవాడిని కూడా తీసేశాడు. చివరగా తీగల డ్రూయిడ్ దగ్గరికి వచ్చేసరికి నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ఒక్కడినైనా ఉండనీయరాదూ."

"ఎక్కడ ఉంటడక్కా?" అన్నాడు. చెయ్యి తీసేశాను.

ఆ నెలాఖరుకు పని మానేశాడు. ఎక్కడికంటే చామోర్షి అన్నాడు.

రెండేళ్ళ తర్వాత నేను బంధువుల పనిమీద చామోర్షి వెళ్ళాను. బజారు రోజు. ఒక మొబైల్ రిపేరు కొట్టులో అతను కనబడ్డాడు. గోడకు ఎదురుగా, రోడ్డుకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. నేను రెండుసార్లు పిలిస్తే గానీ తిరగలేదు. చెంపలు లోపలికి పోయాయి. టీ తెప్పించాడు. మా ఆయన గురించీ, కంప్యూటర్ల గురించీ అడిగాడు. నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఆడుతున్నావా ఇంకా?"

"లేదక్కా. మొన్నొక గిరాకి చెప్పిండు, ఆ ఆట ఎరికున్నోడే. తీగల మంత్రాన్ని కంపెనీ వాళ్ళే తీసేసిండ్రట. మంది పరేషానైతున్నరని."

"మంచిదేగా. పీడ పోయింది."

అతను గ్లాసు కింద పెట్టి దాన్నే చూస్తూ అన్నాడు: "ఉరికేటోనికి గూడ లేకుంటపాయె."

అదే ఆఖరిసారి చూడడం.

ఆ తర్వాతి చలికాలంలో ఒక ఉదయం అతని పెదనాన్న కొడుకు మా సెంటర్‌కు వచ్చాడు. టీ కొట్టు దగ్గర చూసిన మనిషే. నేనే గుర్తుపట్టి కూర్చోమన్నాను. తమ్ముడు ఎట్లా ఉన్నాడని అడిగాను.

"పోయిండు మేడం. వానకాలంల జరమొచ్చింది. తలకెక్కిందట. దవాఖానకు తీస్కపోయేటాల్లకే సోయి లేదట. కొట్టాయన మాకు ఫోన్ చేసిండు. పోయి తెచ్చుకున్నం."

"ఎక్కడికి?"

"ఊర్లెకే. చిన్నబాపు పక్కన్నే పెట్టినం. ఊరంత వచ్చింది. పుజారి వచ్చిండు, ఆడోళ్ళు పాటలు పాడిండ్రు. అన్ని మంచిగ చేసినం."

"ఎవరూ ఏమీ అనలేదా?" అన్నాను.

"ఎవ్వలేమంటరు? అటోళ్ళు అనలె, ఇటోళ్ళు అనలె. సచ్చినోడు ఎవ్వలికి ఏం జెప్తడు మేడం?"

నీళ్ళిచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, రోడ్డు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అసలు పని చెప్పాడు. మొన్న ఎండాకాలంలో ఆయన్ని పోలీస్ పాటిల్‌గా పెట్టారు. వద్దన్నా వినలేదు. చదువు వచ్చినవాడు ఊళ్ళో ఇంకెవరూ లేరన్నారు. ఇప్పుడు లోపలినుంచి కబురు వచ్చింది, కొలువు వదిలేయమని. రాజీనామా టైపు చేయించుకోవాలి. మరాఠీలో.

"తీసుకుంటారా?" అన్నాను.

"ఏమో. రాస్కపోయి ఇస్త. కాయిదమైతే ఉండాలె గద సేతుల."

కంప్యూటర్ ముందు కూర్చున్నాను. తహసీల్దారు గారికి అని మొదలుపెట్టి, పేరు, ఊరు అడిగి కొట్టాను. ఎందుకు వదులుతున్నట్టు రాయమంటావని అడిగాను.

"తబ్యత్ మంచిగుంటలేదని రాయి."

తలెత్తి చూశాను. నలభై ఏళ్ళ మనిషి, గట్టి భుజాలు. అంత దూరం నుంచి సైకిలు తొక్కి, బస్సెక్కి వచ్చినవాడు.

"గట్లనే రాయాలె మేడం" అన్నాడు. "జర జల్ది. మాపటాల్లకు ఇంటికి పోవాలె."

ఆరోగ్యం బాగుండటం లేదు కనుక ఈ బాధ్యతనుంచి నన్ను తప్పించగలరు అని రాసి, అచ్చు తీసి ఇచ్చాను. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.